కొండ ముందు ఆగే విమానం

బాగన్ దాతుక్ జిల్లాలో టికెట్టు కొని విమానం ఎక్కే చోటు లేదు. విమానం దిగే నేల మాత్రం ఉంది. మలేషియాలో పెరాక్ రాష్ట్రానికి నైరుతి మూలన, పెరాక్ నదికీ బెర్నామ్ నదికీ మధ్య, మలక్కా జలసంధిలోకి చొచ్చుకుపోయిన పల్లపు నేల ఇది. 2017 జనవరిలో హిలిర్ పెరాక్ నుంచి విడిపోయి ఆ రాష్ట్రంలో 12వ జిల్లా అయింది. రోడ్డుకు రెండు వైపులా కొబ్బరి తోటలు, కాలువలు, ఒండ్రు మట్టి. కోనసీమ నుంచి వచ్చినవాళ్లకు కొత్తగా అనిపించని నేల. ఈ తోటల్లో పనికి గోదావరి జిల్లాల నుంచి, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు ఇవాళ్టికీ ఇక్కడ ఉన్నారు.

తెలుక్ ఇంతాన్ నుంచి హుతాన్ మెలింతాంగ్ వెళ్లే వైపున జెండరాటా ఎస్టేట్ ఉంది. డెన్మార్క్ ఇంజనీరు ఓగె వెస్టెన్‌హోల్జ్ 1906లో రబ్బరు తోటగా మొదలుపెట్టిన ఈ ఎస్టేట్, తరవాత యునైటెడ్ ప్లాంటేషన్స్ కంపెనీకి కేంద్రమైంది. ఇప్పుడు అక్కడ పామాయిల్, కొబ్బరి పండుతున్నాయి. గెలలు మోయడానికి తోటలోనే సన్నపట్టాల చిన్న రైలు నడుస్తుంది. కంపెనీకి సొంత ఎయిర్‌స్ట్రిప్ కూడా ఆ ఎస్టేట్‌లోనే ఉంది.

ఎయిర్‌పోర్టు వేరు, ఎయిర్‌స్ట్రిప్ వేరు. ఎయిర్‌పోర్టులో టైంటేబుల్ ప్రకారం తిరిగే సర్వీసులు, చెకిన్ కౌంటర్లు, భద్రతా తనిఖీలు ఉంటాయి. సొంతదారు అనుమతి ఇచ్చిన చిన్న విమానం దిగి వెళ్లే చదును చేసిన నేల ఎయిర్‌స్ట్రిప్. ఆ నేల చుట్టూ తరతరాలుగా పనిచేసినవాళ్లలో దాని మీద నుంచి పైకి లేచినవాళ్లు బహు తక్కువ. తోటల్లోని తెలుగువాళ్లకు దూరప్రయాణం అంటే చాలాకాలం ఓడే. 1926లో నిర్మించిన ఎస్.ఎస్. రజూలా మద్రాసు, నాగపట్నం రేవుల నుంచి పెనాంగ్, పోర్ట్ స్వెటెన్‌హామ్ మీదుగా సింగపూర్ దాకా తిరిగేది. డెక్ మీద చాప పరుచుకుని వారం రోజులు సముద్రం మీద గడిపేవారు. 1973లో రజూలా తప్పుకుంది. దాని స్థానంలో వచ్చిన ఎం.వి. చిదంబరం 1985లో అగ్నిప్రమాదానికి గురయ్యాక ఆ దారి మూసుకుపోయింది. అప్పటికే డబ్బు కూడబెట్టుకోగలిగిన కుటుంబాలు సుబాంగ్‌లో విమానం ఎక్కుతున్నాయి. 1965లో సుబాంగ్ విమానాశ్రయం తెరిచినప్పుడు దాని రన్‌వే పొడవు 3,780 మీటర్లు. ఆగ్నేయాసియాలో అప్పటికి అంత పొడవైనది ఇంకొకటి లేదు.

అదే సుబాంగ్ నుంచి బయలుదేరి, దానిలో అయిదో వంతు కూడా లేని రన్‌వే మీద దిగే ప్రయాణం ఒకటుంది. బాగన్ దాతుక్ రేవు నుంచి వాయవ్యంగా సముద్రం మీద గీత గీస్తే సుమారు 35 కిలోమీటర్ల దూరంలో పంగ్‌కోర్ ద్వీపం తగులుతుంది. ఆ ద్వీపం మీద రన్‌వే పొడవు 732 మీటర్లు. ఒక కొసన సముద్రం, ఇంకో కొసన అడవి కప్పిన కొండ. విమానం సముద్రం వైపు నుంచే వచ్చి కొండకు ఎదురుగా దిగాలి, మళ్లీ వెనక్కి తిరిగి సముద్రం వైపే లేవాలి. మామూలు రన్‌వేకు రెండు ముఖాలుంటే దీనికి ఉన్నది ఒకటే. దక్షిణ చైనా సముద్రంలోని తియోమాన్ ద్వీపం రన్‌వే కూడా ఇంచుమించు ఇలాంటిదే. పొడవు వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ, ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం.

రన్‌వేకు రెండు ముఖాలుండటం వెనక కారణం గాలి. విమానాన్ని పైకి ఎత్తేది రెక్కల మీదుగా పారే గాలి. ఎదురుగాలిలో దిగితే నేల మీద వేగం ఆ మేరకు తగ్గుతుంది. అందుకే రన్‌వే రెండు కొసలకూ రెండు అంకెలు రాస్తారు. విశాఖపట్నం రన్‌వే కొసల మీద 10, 28 అని ఉంటుంది. 10 అంటే ఉత్తర దిక్కు నుంచి 100 డిగ్రీలు, అంటే దాదాపు తూర్పు. 28 అంటే 280 డిగ్రీలు, దాదాపు పడమర. గాలి ఎటు నుంచి వీస్తే దానికి ఎదురుగా ఉండే కొసను పైలట్ ఎంచుకుంటాడు. పంగ్‌కోర్‌లో ఆ వీలు లేదు. వెనకగాలి బలంగా ఉంటే చేయగలిగింది దిగకుండా తిరిగిపోవడమే.

మామూలు విమానాశ్రయంలో చక్రాలు నేలను తాకబోయే క్షణంలో కూడా పైలట్ మనసు మార్చుకోవచ్చు. ఇంజన్లకు బలం పెంచి పైకి లేచి, ఇంకో చుట్టు తిరిగి రావచ్చు. ఎదురుగా కొండ ఉన్నచోట ఆ వెసులుబాటు ముందే ముగుస్తుంది. ఒక ఎత్తు వరకు తిరిగిపోవచ్చు. ఆ ఎత్తు దాటి కిందికి వచ్చాక దిగి తీరాలి. దిగాలా వద్దా అన్నది సముద్రం మీద ఉండగానే తేల్చుకోవాలి. కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడికి నీళ్లు దగ్గర పడటం, చేపల పడవలు పెద్దవి కావడం, ఆ వెంటనే చక్రాల కింద తారు కనిపించడం మాత్రమే తెలుస్తుంది. చక్రాలు తాకీ తాకగానే ప్రొపెల్లర్లు రొద పెడతాయి. వాటి రేకుల కోణం తిరగబడి గాలిని ముందుకు తోస్తుంది. ఒళ్లు ముందుకు తూలి సీటుబెల్టు కడుపు మీద బిగుస్తుంది. విమానం ఆగేసరికి కిటికీ నిండా కొండ మీది చెట్లు ఉంటాయి.

ఇంత కురచ నేల మీద విమానం ఎలా ఆగుతుందన్నది లెక్కతో తేలే విషయం. ఒకే బలంతో బ్రేకు వేసినప్పుడు, వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. పెద్ద జెట్ విమానం గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ట్విన్ ఆటర్ అనే చిన్న విమానం అందులో కాస్త అటూఇటుగా సగం వేగంతో వస్తుంది. కనుక దానికి పావు వంతు నేల చాలు. నెమ్మదిగా ఎగురుతూ కూడా కింద పడకుండా ఉండటమే ఇలాంటి విమానాల గొప్పతనం. రెక్కలు పైకప్పు మీద ఉంటాయి. రెక్కల వెనక అంచున ఫ్లాపులు పెద్దవిగా, పొడవుగా ఉండి కిందికి వంగుతాయి. ట్విన్ ఆటర్ చక్రాలు ముడుచుకోవు, గుంటలూ గులకరాళ్లూ తట్టుకునేలా లావుగా ఉంటాయి. కెనడాలోని డి హావిలాండ్ కంపెనీ తయారు చేసిన ట్విన్ ఆటర్ 1965లో మొదటిసారి ఎగిరింది. 1988లో తయారీ ఆగిపోయింది. దానికి బదులు ఇంకోటి దొరక్క, ఇరవై ఏళ్ల తరవాత మళ్లీ మొదలుపెట్టారు. ఒక యంత్రానికి ఇంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం ఉండదు.

పంగ్‌కోర్, తియోమాన్ ద్వీపాలకు ఎక్కువకాలం నడిచింది మాత్రం అదే కంపెనీకి చెందిన డాష్ 7. నాలుగు ఇంజన్లు, 50 మంది పట్టే ఈ విమానాన్ని కురచ రన్‌వేల కోసమే 1970లలో రూపొందించారు. బెర్జాయా ఎయిర్ వీటిని సుబాంగ్ నుంచి నడిపింది. 2014లో ఆ సర్వీసులు ఆగాయి. 2022 జనవరిలో ఎస్‌కేఎస్ ఎయిర్‌వేస్ ట్విన్ ఆటర్‌తో పంగ్‌కోర్ దారి మళ్లీ తెరిచింది. రోడ్డు మీద లుమూత్ దాకా వెళ్లి పడవ ఎక్కితే సగం రోజు పట్టే ప్రయాణం విమానంలో ముప్పావు గంట. అయినా ఇలాంటి సర్వీసులు నిలకడగా సాగడం కష్టం. ఎన్ని టికెట్లు అమ్మినా రన్‌వే పెద్ద విమానాన్ని రానివ్వదు, ట్విన్ ఆటర్‌లోని పందొమ్మిది సీట్ల ఆదాయంతో ఇద్దరు పైలట్ల జీతం, ఇంధనం, మరమ్మతులు అన్నీ గడవాలి. అందుకే బాగన్ దాతుక్ వాళ్లకు పంగ్‌కోర్ అంటే ఇప్పటికీ లుమూత్ రేవులో పడవే.

సముద్రం దాటి బోర్నియోకు, సారవాక్ రాష్ట్రానికి వెళ్తే ఈ విమానాలు విహారం కోసం కాక బతుకు కోసం తిరుగుతాయి. ఇండోనేషియా సరిహద్దు దగ్గర, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున కెలాబిట్ తెగ ప్రజల బారియో లోయ ఉంది. సన్నబియ్యానికి, ఉప్పునీటి ఊటల నుంచి కాచి తీసే ఉప్పుకు పేరున్న చోటు. మీరీ పట్టణం నుంచి అడవి దారిలో జీపు మీద ఒక రోజుకు తక్కువ పట్టదు, వానపడితే అదీ నమ్మకం లేదు. విమానంలో ఇంచుమించు గంట. 2007లో మొదలైన మాస్‌వింగ్స్ సంస్థ ఈ కొండ ఊళ్లకు ట్విన్ ఆటర్లు నడుపుతూ వచ్చింది. టికెట్ల డబ్బుతో గిట్టుబాటు కాని ఈ దారులకు మలేషియా ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది. ఇవ్వాల్సిందే కూడా. ఆ ఊళ్లకు ఇది పల్లెవెలుగు బస్సు లాంటిది.

ఈ ప్రయాణం మొదటిసారి చేసేవాళ్లను ఆశ్చర్యపరిచేది కౌంటర్ దగ్గరే. సంచీ తూకం వేశాక, మనిషిని కూడా అదే తూకం మీద ఎక్కమంటారు. చేతిసంచీ భుజానే ఉండాలి. అంకె చూసి సిబ్బంది రాసుకుంటారు. సంకోచపడేవాళ్లూ, పక్కవాళ్ల అంకె చూసి నవ్వుకునేవాళ్లూ ఉంటారు. ఆ కొండ ఊళ్లవాళ్లకు మాత్రం అది చెప్పులు విడిచి గుడిలోకి వెళ్లినంత మామూలు. ఉచితంగా తీసుకెళ్లనిచ్చే సామాను 10 కిలోలు. పెద్ద జెట్ విమానంలో ప్రయాణికుడికి సగటు బరువు ఒకటి అనుకుని లెక్క కడతారు. వందల మందిలో లావూ సన్నమూ సరిపోతాయి. పందొమ్మిది మందిలో అలా సరిపోవు. నలుగురు భారీ మనుషులు తోక వైపు కూర్చుంటే విమానం ముక్కు పైకి లేస్తుంది. అందుకే బరువుతో పాటు కూర్చునే చోటు కూడా సిబ్బందే చూస్తారు. బారియోకు ఉత్తరంగా ఉన్న బాకెలాలన్ రన్‌వే 549 మీటర్లే. ఎత్తు ప్రదేశంలో గాలి పలచన, ఎండ ముదిరితే ఇంకా పలచన. రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజనుకు బలం తగ్గుతుంది. అదే విమానం, అదే రన్‌వే, పొద్దున మోయగలిగిన బరువును మధ్యాహ్నం మోయలేదు. మిగిలిపోయిన బియ్యం బస్తా మరుసటి విమానం కోసం ఆగుతుంది.

లోపల నడవాకు ఒక పక్క ఒక్కో సీటు, ఇంకో పక్క రెండేసి. ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు పైలట్ల భుజాల మీదుగా రన్‌వే కనిపిస్తుంది. కారులో గేరు ఉన్నట్టు పక్కన కాకుండా, ఈ విమానంలో ఇంజన్ల మీటలు తల పైన, కప్పుకు వేలాడుతూ ఉంటాయి. లేచేటప్పుడు పైలట్ చెయ్యి పైకెత్తి ఆ మీటలను ముందుకు నెడతాడు. చాలాసార్లు రెండో పైలట్ చెయ్యి కూడా, అవి వెనక్కి జారకుండా, ఆ చేతి వెనకే ఆనుకుని ఉంటుంది. దిగే రన్‌వే మీద మబ్బు కమ్ముకుంటే వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కూడా వెనకవాళ్లకు కనిపిస్తుంది. ఇంత దగ్గరగా తమను మోసుకెళ్లే మనుషుల పని చూసే అవకాశం పెద్ద విమానంలో దొరకదు.

కురచ రన్‌వేలకు తోడు కురచ ప్రయాణాలూ సారవాక్‌లో ఉన్నాయి. మీరీ నుంచి బారామ్ నది ఒడ్డున ఉన్న మారుడి పట్టణానికి విమానం ఎక్కితే పావుగంట, ఇరవై నిమిషాల్లో దింపేస్తుంది. బెల్టు పెట్టుకోండన్న దీపం ఆరీ ఆరకముందే మళ్లీ వెలుగుతుంది. మీరీ నుంచి లింబాంగ్, లావాస్ పట్టణాలకు విమానం ఎక్కడానికి కారణం ఇంకా చిత్రమైనది. మధ్యలో బ్రూనై దేశం అడ్డం వస్తుంది. అదీ రెండు ముక్కలుగా, లింబాంగ్‌కు అటొకటి ఇటొకటి. రోడ్డున వెళ్తే సొంత రాష్ట్రంలోని ఊరికి పోవడానికి పరాయి దేశంలోకి దిగి, ఎక్కి, మళ్లీ దిగి, పాస్‌పోర్టు మీద ముద్ర మీద ముద్ర వేయించుకోవాలి. ఆకాశంలో ఆ తంటా లేదు.

ప్రపంచంలో అన్నిటికన్నా పొట్టి సర్వీసు స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య 1967 నుంచి నడుస్తోంది. దూరం 2.7 కిలోమీటర్లు, టైంటేబుల్‌లో రెండు నిమిషాలు. గాలి కలిసొస్తే నిమిషం లోపే. హైదరాబాదులో అంత దూరం ఆటోలో పోవడానికి ఇంతకు చాలా రెట్లు పడుతుంది.

అదే స్కాట్లండ్‌లోని బార్రా దీవిలో రన్‌వే అనేది సముద్రపు ఇసుక. పోటు వచ్చినప్పుడు నీళ్లు కప్పేస్తాయి, ఆటు వచ్చినప్పుడు గట్టిపడిన తడి ఇసుక మీద గ్లాస్గో నుంచి వచ్చే ట్విన్ ఆటర్ దిగుతుంది. రన్‌వే హద్దులు కర్రగుంజలు. విమానాల వేళలు చంద్రుడి చేతిలో ఉంటాయి. పోటు ఆటులను చూసి పడవ దింపే బాగన్ దాతుక్ జాలరులకు ఆ టైంటేబుల్ సులువుగా అర్థమవుతుంది. నేపాల్‌లో ఎవరెస్టు దారిలోని లుక్లా రన్‌వే 527 మీటర్లు, పైగా ఏటవాలు. ఎడ్మండ్ హిల్లరీ 1964లో షెర్పాల ఊళ్లకు బడి, ఆసుపత్రి సామాను చేరవేయడానికి దాన్ని వేయించాడు. ఎగువకు దిగుతారు, దిగువకు లేస్తారు. ఏటవాలే బ్రేకు, ఏటవాలే తోపు. రన్‌వే పై కొసన కొండ, కింది కొసన లోయ. జిబ్రాల్టర్‌లో ఊరి ప్రధాన రహదారి రన్‌వేను అడ్డంగా కోసేది. రైల్వే గేటు వేసినట్టు గేటు వేసి విమానాన్ని పోనిచ్చేవారు. 2023 మార్చిలో వాహనాలకు సొరంగం తెరిచాక బారులు తీరిన కార్లు కనిపించడం తగ్గింది.

బాగన్ దాతుక్ తెలుగు కుటుంబాలు తాతల ఊళ్లు చూడటానికి వెళ్లే దారుల్లో ఒకటి కౌలాలంపూర్ నుంచి విశాఖపట్నం. 2024 ఏప్రిల్‌లో ఎయిర్ఏషియా ఈ దారిలో నేరుగా వెళ్లే సర్వీసు మళ్లీ మొదలుపెట్టింది. రజూలాలో వారం పట్టిన సముద్రం నాలుగు గంటల్లో దాటిపోతుంది. విశాఖ రన్‌వే మూడు కిలోమీటర్లకు పైనే, కురచ అనడానికి లేదు. దాని విశేషం వేరు. అది నౌకాదళం వారి ఐ.ఎన్.ఎస్. డేగా స్థావరంలోని రన్‌వే. పౌర విమానాలు అక్కడ అతిథులు. నౌకాదళ అవసరాలను బట్టి వాటి వేళలు సర్దుకోవాలి. దిగేటప్పుడు కిటికీలోంచి ఒకే చూపులో కొండలు, సముద్రం, ఓడరేవు కనిపిస్తాయి. సామాను కన్వేయర్ మీద బరువైన అట్టపెట్టెలు తిరుగుతుంటాయి. పది కిలోల లెక్క ఇక్కడ లేదు. మూడు కిలోమీటర్ల రన్‌వే ఇచ్చే సౌఖ్యం అది.

నేల లేని చోట నీటినే రన్‌వేగా వాడే పద్ధతి కూడా తెలుగు నేల మీదికి వచ్చింది. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ప్రయోగాత్మకంగా ఎగిరింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అందులో ప్రయాణించారు. ఆ విమానమూ ట్విన్ ఆటరే. చక్రాలున్నచోట పడవల్లాంటి రెండు తేలే దిమ్మెలు బిగిస్తారు. లేచేటప్పుడు మొదట ఆ దిమ్మెలు నీటిని చీల్చుకుంటూ బరువుగా కదులుతాయి, వేగం పెరిగేకొద్దీ నీటి పైకి తేలి జారుతాయి, చివరికి నీటి పట్టు వదిలించుకుంటాయి. నీరు మరీ నిశ్చలంగా, అద్దంలా ఉంటే అది వదలడం ఆలస్యమవుతుంది. దిగేటప్పుడు ఆ అద్దం మీద ఎత్తు అంచనా కట్టడం కూడా పైలట్‌కు కష్టం. చిన్న అలలు ఉంటేనే మేలు. రోడ్డున నల్లమల ఘాట్ మలుపులన్నీ తిరుగుతూ గంటల తరబడి సాగే శ్రీశైలం ప్రయాణం ముప్పావు గంటకు కుదించుకుపోయింది. విమానం కృష్ణ మీద దిగి, పాతాళగంగ దగ్గర జెట్టీకి పడవలా ఆనుకుని ఆగింది.